బడి వదిలి మైకు ముందుకు

స్టేషన్‌లో ఎనౌన్సర్లుగా కొత్తగా చేరిన ఆడపిల్లలు నన్ను కలిస్తే ముందు గొంతు గురించే అడుగుతారు. వేణ్ణీళ్లు తాగాలా, పెరుగు మానెయ్యాలా, మిరియాలు నమలాలా అని. నేను ఉద్యోగం చేసినంత కాలం పెరుగన్నమే తిన్నాను. జలుబు చేస్తే అల్లం టీ తాగేదాన్ని. గొంతు గురించి నాకు తెలిసింది అంతే.

నా లెక్కలో ఈ ఉద్యోగం వేరే చోట ఉంది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషికి ఏం తెలియాలి, ఎప్పుడు తెలియాలి, అది చెప్పే ధైర్యం మనకు ఉందా లేదా. ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నారు. ఇంట్లో చంటిపిల్లలుండగా ఒక పని వదిలి మరో పనిలోకి వెళ్లొచ్చా అని. నేను వెళ్లాను కాబట్టి రెండూ కలిపి రాస్తున్నాను. నాకు ఏ గ్రేడు ఎప్పుడొచ్చిందో రాయను. అది ఎవరికీ పనికిరాదు.

బడి ఎందుకు వదిలాను

మా వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డారు. నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బజారులో హిందీ, బళ్లో కాస్త ఇంగ్లీషు. పెళ్లయ్యాక న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో ఒక చిన్న బడిలో ఒకటో తరగతి చెప్పేదాన్ని. మా ఆయన అప్పలస్వామి వర్క్‌షాపులో వడ్రంగి. బోగీల బెంచీలు, కిటికీలు బాగుచేసేవారు. మాతో పాటు మా అత్త ఉండేది.

అరవైల చివర్లో, ట్రైనింగు లేని టీచర్లను ఇక ఉంచబోమని చెప్పేశారు. ట్రైనింగంటే వేరే ఊరు పోయి ఏడాది పాటు హాస్టల్లో ఉండాలి. అప్పటికి మా సూర్యానికి నాలుగేళ్లు. పైడి ఇంకా పాలు మానలేదు. నాకు ఆ పని అంటే ఇష్టం. పలక మీద పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దించడం కంటే నాకు బాగా వచ్చిన పని ఇంకొకటి లేదు. అయినా పిల్లలను వదిలి ఏడాది వెళ్లలేను. ఆ సంగతి ఎవరితోనూ వాదించకుండానే నాకు తెలిసిపోయింది.

ఆ రోజుల్లోనే, స్టేషన్‌లో ఎనౌన్సర్లు కావాలట, మూడు భాషలు వస్తే ఆడవాళ్లనూ తీసుకుంటారట అని మా ఆయన విని వచ్చారు.

"ఊళ్లోనే ఉజ్జోగం. పిల్లల్ని ఒగ్గీసి ఎక్కడికీ ఎల్లక్కర్నేదు. సూడు వరాలూ," అన్నారు.

మా అత్త అన్నం వారుస్తున్నది ఆపేసింది. "ఏటీ? మైకులో మాట్టాడతాదా? బడైతే పిల్లలు ఇంటారు. అక్కడ దీని గొంతు ఎవులెవులో ఇంటారు కాదేటి?"

"ఇంటే ఏటైపోద్దమ్మా?"

"ఏటైపోద్దో నాకు తెల్దు. నాకు నచ్చనేదు," అంది అత్త. అని మళ్లీ గంజి వార్చుకుంది.

నచ్చలేదన్న మాటను ఆవిడ ఏ రోజూ వెనక్కి తీసుకోలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. చివరికి ఆవిడ మనసు మారిపోయిన కథ అనుకుని చదవకండి.

ముందు ఎవరికి, తరువాత ఏమిటి

ఎనౌన్సర్ల గది ప్లాట్‌ఫారం పక్కనే ఉండేది. ఒక బల్ల, మైకు, బళ్ల రాకపోకలు నడిపే కంట్రోలు వాళ్ల ఫోను, అద్దాల కిటికీ. నాకంటే ముందునుంచీ అక్కడ పనిచేస్తున్నది దీపాలి దీదీ. పెళ్లి చేసుకోలేదు, తల్లితో ఉండేది. బెంగాలీలో ఆమె ఎనౌన్స్ చేస్తే టీ కొట్టు వాడు కూడా గ్లాసులు కడగడం ఆపి వినేవాడు. నాకు అలాంటి గొంతు లేదు. మొదటి వారం భయంతో మాటలన్నీ ఒకే ఊపిరిలో చెప్పేసేదాన్ని. బండి నంబరు, ఊరు, ప్లాట్‌ఫారం అన్నీ కలిసిపోయేవి.

మా స్టేషన్ సూపరింటెండెంటు సేన్‌బాబు ఒక రోజు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. పెద్దమనిషి, బొద్దుగా ఉండేవాడు, ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. "బళ్లో పిల్లలకు ఇలాగే చెప్పేదానివా అమ్మా?" అని బెంగాలీలో అడిగాడు.

"కాదు బాబూ."

"అక్కడ ఎలా చెప్పేదానివి?"

ఆలోచించాను. ఒకటో తరగతిలో "పలక తీసి మొదటి అక్షరం రాయండి" అంటే సగం మంది వినరు. ముందు వాళ్లను పిలవాలి. వాళ్లు తలెత్తేదాకా ఆగాలి. అప్పుడు ఒక్క పని చెప్పాలి. అది అయ్యాక రెండోది. ఆ మాటే ఆయనతో అన్నాను.

"ఇక్కడ ఉన్నవాళ్లూ అంతే," అన్నాడు సేన్‌బాబు. "సామాన్లు, పిల్లలు, కంగారు. ఒకటో తరగతి కంటే కష్టం."

ఆ రోజు నుంచి ముందు ఎవరికి చెబుతున్నానో చెప్పి, కాసేపు ఆగి, తరువాత ఏమిటో చెప్పడం అలవాటు చేసుకున్నాను. "పూరీ వెళ్లేవాళ్లు వినండి." ఆగడం. కిటికీలోంచి చూస్తే కొన్ని తలలు పైకి లేచేవి. అప్పుడు మిగతాది. మీరు పాత పని వదిలి కొత్త పనిలోకి వచ్చినప్పుడు పాతదంతా వృథా అయిపోయిందని ఏడవకండి. నేను కూడా కొన్నాళ్లు ఏడ్చాను. బళ్లో నేర్చుకున్నదే నన్ను ఇక్కడ నిలబెట్టింది.

పిల్లల తల్లిని కావడం కూడా పనికొచ్చింది. ఆఖరి నిమిషంలో బండి ప్లాట్‌ఫారం మార్చినప్పుడు మిగతావాళ్లకు అది ఒక నంబరు మార్పు. నాకు మాత్రం చంకలో పిల్ల, రెండో చేతిలో పిల్లాడు, నెత్తిన పెట్టె పెట్టుకుని ఓవర్‌బ్రిడ్జి ఎక్కే ఆడమనిషి కనిపించేది. ఫోనులో కంట్రోలు వాళ్లతో గొడవ పడేదాన్ని. "మార్చేదుంటే ఇప్పుడే చెప్పండి, బండి కనిపించాక చెప్తే నేను ఎనౌన్స్ చేసి ఏం లాభం?" అని. కొందరు విసుక్కున్నారు. కొందరు నాకు ముందే చెప్పడం మొదలుపెట్టారు.

ఇద్దరు అధికారులు

సేన్‌బాబు సెలవులో ఉన్నప్పుడు ఆయన స్థానంలో ఇంకొకాయన వచ్చేవాడు. పేరు అనవసరం. ఎండాకాలం మధ్యాహ్నం ఒక పాసింజరు బాగా ఆలస్యమైంది. ఎక్కడ ఆగిందో కంట్రోలుకే తెలియదు. జనం మాటిమాటికీ వచ్చి అడుగుతున్నారు. ఆయన గదిలోకి వచ్చి, "కాసేపట్లో వస్తుందని చెప్పు. వీళ్ల గోల పడలేను," అన్నాడు.

చెప్పాను. జనమంతా నీడలోంచి లేచి సామాన్లు మోసుకుని ప్లాట్‌ఫారం అంచుకు వచ్చారు. ఎండలో నిలబడ్డారు. బండి రాలేదు. నీళ్లకు వెళ్దామంటే బండి వచ్చేస్తుందేమోనని భయం. కొంతసేపటికి ఒక గర్భిణి కళ్లు తిరిగి కూలబడింది. పోర్టర్లు మంచం మీద మోసుకుపోయారు. ఆమెకు ఏమీ కాలేదు, దేవుడి దయ.

సేన్‌బాబు తిరిగొచ్చాక ఈ సంగతి విని నన్ను తిట్టలేదు. "జానో నా తో, బోలో నా," అన్నాడు. తెలియకపోతే చెప్పకు అని. ఆ పైన, "తెలియదు అన్నదే నీకు తెలిసిన సంగతి అయితే, అదే చెప్పు," అన్నాడు.

నా సర్వీసులో చాలామంది అధికారులను చూశాను. వాళ్లు రెండు రకాలు. జనం నోరు మూసుకుంటే చాలనుకునేవాళ్లు, జనానికి సంగతి తెలియాలనుకునేవాళ్లు. మొదటి రకం వాళ్లు తెలివితక్కువ వాళ్లేమీ కాదు, చాలాసార్లు పనిమంతులే. కానీ వాళ్ల మాట మన నోటి ద్వారా బయటికి పోతుంది. జనం తిట్టుకునేది మన గొంతునే.

పైడి వేలు చూపించిన చోటు

పిల్లలను వదలలేక పట్టుకున్న ఉద్యోగం ఇది. తీరా చేరాక, వాళ్లు లేచేసరికి నేను ఇంట్లో ఉండని రోజులూ, పడుకునేసరికి ఉండని రోజులూ వచ్చాయి. బడి అయితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉండేదాన్ని. ఊళ్లోనే ఉన్నంత మాత్రాన పిల్లల దగ్గర ఉన్నట్టు కాదని అప్పుడు తెలిసింది.

ఒక సాయంత్రం మా ఆయన పైడిని సైకిలు మీద కూర్చోబెట్టుకుని స్టేషన్‌కు తెచ్చారు, అమ్మను చూపిద్దామని. వాళ్లు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి నేను ఎనౌన్స్ చేస్తున్నాను. నా గొంతు విని పిల్ల చుట్టూ చూసిందట. ఎక్కడా కనపడలేదు. తలెత్తి స్తంభం మీదున్న లౌడ్‌స్పీకరును చూసింది. ఆయన చెయ్యి విడిపించుకుని పోయి ఆ స్తంభాన్ని పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. నేను బయటికి పరుగెత్తుకు వచ్చి ఎత్తుకున్నా ఊరుకోలేదు. నా భుజం మీదనుంచి స్తంభం వైపే చూసింది.

ఆ తరువాత ఇంటి దగ్గర ఎవరైనా "అమ్మేదే?" అని అడిగితే వీధిలో కరెంటు స్తంభం చూపించేది. చుట్టుపక్కల వాళ్లు పడీపడీ నవ్వేవారు. పిల్లను మళ్లీ మళ్లీ అడిగి చూపించుకునేవారు. మా అత్త మాత్రం నవ్వలేదు.

"తల్లిని సూపించమంటే స్తంబాన్ని సూపిస్తంది. నవ్వడానికేటుంది ఇందులో?" అని అందరినీ పంపేసింది.

అదే నెలలో సూర్యానికి ఆటలమ్మ పోసింది. ఒళ్లంతా పొక్కులు, జ్వరం. అమ్మవారు పోసినప్పుడు తల్లి గడప దాటకూడదని అత్త పట్టుదల. నాకు సెలవు దొరకలేదు. దీపాలి దీదీ అప్పుడే తల్లిని ఆస్పత్రిలో చేర్చింది, ఆమెను అడగలేను. ఒక రోజు పొద్దున్నే సేన్‌బాబు దగ్గరికి పోయి, "నేను మానేస్తాను బాబూ," అన్నాను.

ఆయన కుర్చీ చూపించాడు. విన్నాడు. "ఎప్పుడూ పగటి డ్యూటీ వెయ్యమంటే వెయ్యలేను. దీపాలికీ ఇల్లుంది," అన్నాడు. "మానేస్తే తప్పేం లేదు. కానీ ఈ ఒక్కరోజు ఉండమ్మా. అటు బాలాసోర్ దాటాక వానలకు లైను కొట్టుకుపోయిందట. బళ్లన్నీ ఇక్కడే ఆగుతాయి."

లైను తెగిన రోజు

హౌరా నుంచి వాల్తేరు వైపు పోవాల్సిన బళ్లు మా స్టేషన్‌లో ఆగిపోయాయి. పదకొండు కొట్టేసరికి ప్లాట్‌ఫారాలు నిండిపోయాయి. కలకత్తా చుట్టూ మిల్లుల్లో పనిచేసి ఊళ్లకు పోతున్న మన వైపు వాళ్లే ఎక్కువ. సంసారాలకు సంసారాలు. తడిసిన మూటలు, చంటిపిల్లలు, ముసలివాళ్లు.

నేను బెంగాలీ, హిందీ, ఇంగ్లీషుల్లో చెబుతున్నాను. అవే మాకు అనుమతి ఉన్న భాషలు. మగవాళ్లలో కొందరికి హిందీ అర్థమయ్యేది. ఆడవాళ్లకు అసలు కాదు. అర్థం కానప్పుడు మనిషి పక్కవాడిని అడుగుతాడు, పక్కవాడు తోచింది చెబుతాడు. ముందు పోయిన బండి ఏట్లో పడిపోయిందని ఒక మాట పుట్టింది. దానివెనకే, ఇక పాసింజర్లు పోవు, అవతల లైనులో ఉన్న గూడ్సు ఒక్కటే వాల్తేరు పోతుందని ఇంకోటి.

కిటికీలోంచి చూస్తుండగానే ఒకామె పిల్లను చంకనేసుకుని పట్టాల మీదికి దిగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఆ తరువాత గుంపు. ఆ గూడ్సును వెనక్కి నెట్టడానికి ఇంజను అప్పటికే అవతలి చివర తగులుకుంది.

హిందీలో అరిచాను. ఎవరూ తిరగలేదు. సేన్‌బాబు గుమ్మంలోకి వచ్చాడు.

"బాబూ, తెలుగులో చెప్తాను," అన్నాను.

ఒక్క క్షణం ఆయన నావైపు చూశాడు. "బోలో మా, బోలో," అన్నాడు. చెప్పమ్మా, చెప్పు అని.

మైకు దగ్గరికి తీసుకున్నాను. "ప్రయాణికులకు మనవి. దయచేసి పట్టాలు దాటరాదు," అన్నాను. బళ్లో చెప్పిన తెలుగు అది. ఎవరూ తలెత్తలేదు. ఎవరికో మర్యాద చేస్తున్నారని అనుకున్నారేమో. అప్పుడు నా నోట మా ఇంటి మాట వచ్చేసింది.

"ఓలమ్మా! పిల్లని సంకనేసుకుని పట్టాల్లోకి దిగినావు, నిన్నే! ఎనక్కి రా! ఆ గూడ్సు మనూరు పోదు! ఇంజను తగులుకుంది, కదిలిపోతాది! అందరూ పైకి రండి! పిల్లల్ని ముందు ఎక్కించండి!"

పట్టాల మధ్య నిలబడ్డ తలలన్నీ ఒక్కసారి పైకి తిరిగాయి. వెంటనే మొదట దిగిన ఆమె వెనక్కి వచ్చి పిల్లను ప్లాట్‌ఫారం మీది చేతులకు అందించింది. పోర్టర్లు, టీ కొట్టు వాళ్లు చేతులందించి మిగతావాళ్లను లాగారు. సేన్‌బాబు ఎర్రజెండా మనిషిని పరుగెత్తించాడు. గూడ్సు కదలలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నేను మైకు వదల్లేదు. జనం ఇంకా పైకే చూస్తున్నారు.

"బండి ఏదీ ఏట్లో పడిపోనేదు. లైను కొట్టుకుపోయింది, బాగుసేస్తన్నారు. మన బండి ఎప్పుడు కదులుతాదో నాకు తెల్దు. తెలిసిందంటే నానే సెప్తాను. తెలకపోయినా గంటగంటకీ మాట్టాడతాను. నా మాట ఇనిపించేదాకా ఎవులూ కిందకి దిగీకండి."

మాట ఇచ్చేశాను. ఇచ్చాక గుర్తొచ్చింది, నా డ్యూటీ మధ్యాహ్నానికి అయిపోతుందని, ఇంట్లో సూర్యానికి ఒళ్లు కాలిపోతోందని. నా తరువాత డ్యూటీకి వచ్చే దీపాలి దీదీకి తెలుగు రాదు.

ఒక పోర్టరును పిలిచి వర్క్‌షాపు గేటు దగ్గర మా ఆయనకు, ఇలా మాటిచ్చాను, ఇప్పుడే రాలేనని కబురు పెట్టాను. ఆయన ఇంటికి పోయి, తిరిగి స్టేషన్‌కు టిఫిను క్యారియరుతో వచ్చారు.

"గుంటడికెలాగుంది?"

"జరం తగ్గనేదు. గంజి తాగినాడు. అమ్మ వేపాకు పరిచి పక్కనే కూకుంది."

"అత్త ఏటంది?"

"ఏటంటాది, తిట్టింది. నిన్నూ నన్నూ ఇద్దర్నీ తిట్టింది." ఆయన క్యారియరు బల్ల మీద పెట్టారు. "తిట్టి, సెప్పిన మాట సగంలో ఒగ్గీసి రావద్దని సెప్పమంది. గుంటడికి తను ఉందట."

గంటగంటకీ మాట్లాడాను. చెప్పడానికి కొత్త సంగతి లేనప్పుడు, కొత్త సంగతి లేదనే చెప్పాను. నీళ్ల పంపు ఎక్కడుందో, చంటిపిల్లలకు పాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పాను. చీకటి పడుతుండగా కంట్రోలు వాళ్లు రాత్రికి ఏ బండీ కదలదని తేల్చేశారు. చెబితే గొడవ చేస్తారేమో అని ఎవరో అన్నారు. సేన్‌బాబు చెప్పమని నాకు తల ఊపాడు.

"రాత్రికి బండి నేదు. బువ్వ తినీసి తొంగోండి. తెల్లారి నానొచ్చి సెప్తాను," అన్నాను.

ఎవరూ గొడవ చెయ్యలేదు. దుప్పట్లు పరుచుకున్నారు. లేదని ఖాయంగా తెలిస్తే మనిషి నిద్రపోగలడు. నేనూ ఇంటికి వెళ్లి సూర్యం పక్కన పడుకోగలిగాను.

మర్నాడు పొద్దెక్కాక బండి కదిలింది. కదిలేముందు ఒకామె వచ్చి నా కిటికీ అద్దం మీద తట్టింది. నిన్న పట్టాల్లోకి దిగిన ఆమే. చంకలో పిల్ల నిద్రపోతోంది.

"నువ్వేనేటి మైకులో? సిన్నదానివే," అంది. "పిల్లల్నేరా?"

"ఉన్నారు. ఇద్దరు."

"మేం ఎల్లిపోతన్నాం గదా. ఇంక నువ్వు ఇంటికెల్లు."

ఒప్పుకోవడం వేరు, సాయం వేరు

తెలుగులో మాట్లాడినందుకు పైవాళ్లు ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనుమతి కూడా ఇవ్వలేదు. అవసరమైతే మాట్లాడమని సేన్‌బాబు నోటిమాటగా చెప్పాడు, అలాగే నడిచింది. దీపాలి దీదీ తల్లి కోలుకున్నాక మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఆమెకు తెల్లవారుజాము లేవడం ఇష్టం, నాకు పిల్లలు లేచే వేళ ఇంట్లో ఉండాలి. వీలైనన్ని రోజులు మార్చుకునేవాళ్లం. కొత్త పనిలో చేరేవాళ్లు పని నేర్చుకోకముందే అలాంటి తోడు ఒకరిని వెతుక్కోండి. డ్యూటీల రోస్టరు వేసే ఆఫీసరు కంటే ఆ తోడే మిమ్మల్ని నిలబెడుతుంది.

పిల్లలకేమీ లోటు రాలేదని మాత్రం రాయలేను. సూర్యం ఇప్పుడు పెద్దవాడు, పిల్లల తండ్రి. ఆటలమ్మ పోసిన రోజుల గురించి అడిగితే, "నాకు నాయనమ్మ చెయ్యే గుర్తుందమ్మా," అంటాడు. కోపంగా కాదు, మామూలుగానే. నేను రాత్రంతా పక్కన పడుకున్నాను గానీ వాడు మెలకువగా లేడు. పని మార్చుకున్న ప్రతి తల్లికీ, తండ్రికీ ఇలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని సర్దిచెప్పుకోవడానికి నేను చాలా ఏళ్లు ప్రయత్నించాను. ఇప్పుడు మానేశాను. అది అలాగే ఉంటుంది.

ఇంకొక్క మాట. ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే మొదలుపెడదామని కూర్చోకండి. ఒప్పుకోనివాళ్లు కూడా సాయం చేస్తారు. వాళ్లను సాయం అడగండి, ఒప్పుకోమని పీడించకండి.

లైను తెగిన మర్నాడు, బండి వెళ్లిపోయాక సేన్‌బాబు గదిలోకి వచ్చి, "ఏమనుకున్నావమ్మా? మానేస్తావా?" అని అడిగాడు. ఇంటికి వెళ్లి చెబుతానన్నాను. నిజంగానే నాకు తెలియదు.

ఇంటికి వచ్చేసరికి పైడి గుమ్మంలో ఆడుకుంటోంది. సూర్యం జ్వరం దిగి నిద్రపోతున్నాడు. అత్త నా చేతికి నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. స్టేషన్ సంగతులు అడగలేదు, నేనూ చెప్పలేదు. మానేస్తానని చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను.

నేను చెయ్యి కడుక్కుంటుంటే అత్త అటువైపు తిరిగి మినప్పప్పు చాటలో పోసుకుంటూ అడిగింది.

"రేపు డూటీ ఎన్నింటికే?"

"పొద్దున్నే, అత్తా."

"అయితే గుంటలిద్దర్నీ నా పక్కన తొంగోబెట్టు. ఎల్లేటప్పుడు లేపీకు," అని పప్పు చెరగడం మొదలుపెట్టింది.